ఊదారంగు పూత

(పోయిన వారం నా భాగం అందక పత్రికలో చోటు ఖాళీ పోయిందట. క్షమించాలి. మనవడు బడికి వెళ్లే రోజుల్లో వాడి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒక్క పేజీకి నాకు ఒక పూట పడుతుంది. ఒత్తులు తప్పితే మీరే సరిచేసుకుని చదవండి. మాటలు తప్పితే మాత్రం నన్ను అడగండి.)

"కదలకండి. కదిలితే మెడ దగ్గర గీత పడుతుంది."

"ఇంకా ఎంతసేపే?"

"మీరు మాట్లాడుతున్నంతసేపూ."

డ్రైవరు నోరు మూసుకున్నాడు.

పార్లరమ్మ వేలికొసతో ఊదారంగు క్రీము తీసి మొగుడి చెంప మీద చుక్కలు చుక్కలుగా పెట్టింది. ఆమె రోజూ చేసే పనే అది. మొటిమల ఎరుపుని ఆకుపచ్చ మింగుతుంది. కళ్లకింద నలుపుని నారింజ మింగుతుంది. పసుపుని ఊదా మింగుతుంది. దాని మీద ఒంటిరంగు పూత, ఆపైన పౌడరు. ఆ చేతికింద కూర్చుని లేచిన ముఖాన్ని కన్నతల్లి కూడా పోల్చుకోలేదని వీధిలో పేరు.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇవాళ ఆ ఇంట్లో జరుగుతున్న పని వేరు. కామెర్లవాడి పచ్చదనం లోకానికి కనిపించకుండా చేయాలి.

బస్సు యజమాని ఇంకాసేపట్లో వస్తాడు. బడిపిల్లల బస్సు అది. రెండు నెలల కిందట షెడ్డులో డ్రైవరు కళ్లు తిరిగి పడిపోయాక, తాళం తీసుకుని ఇంటికి పంపించేశాడు. ఇప్పుడు డ్రైవర్లు దొరక్క మళ్లీ కబురు చేశాడు. "ఒకసారి మనిషిని నా కళ్లతో చూస్తాను. బాగుంటే సోమవారం నుంచి ఎక్కేయొచ్చు" అన్నాడు.

ఆ సోమవారమే ఆసుపత్రిలో మంచం ఖాళీ అవుతుందని వార్డు డాక్టరమ్మ కూడా చెప్పింది.

ఒకటే సోమవారం. బస్సో, మంచమో.

"మెడ కూడా పుయ్యవే. మెడ చూస్తే తెలిసిపోదూ?" అంది గోడవార పీటమీద కూర్చున్న వదిన.

వదినంటే డ్రైవరు అక్క. తల్లి పోయాక తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె ఒళ్లో ఆకుపచ్చ గొట్టం మాత్రల డబ్బా ఉంది. విటమిన్ ఇ. ఆ డబ్బా ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ దాన్ని ఆమె ఒడిలోంచి కింద పెట్టింది లేదు.

"నోరు తెరు నాన్నా" అంది, రెండు మాత్రలు అరచేతిలో వేసుకుని.

"పొద్దున ఒకటి వేశారు కదా వదినా."

"అది డబ్బా మీద రాసిన లెక్క. ఇది అక్క లెక్క."

"డాక్టరమ్మ అవి వద్దంది. నిన్న చెప్పానా లేదా మీకు?"

"చెప్పావులే. మా ఇంటాయన లివరుకి ఇచ్చిందీ డాక్టరేగా? ఆయన కడుపులో కొవ్వు కరిగించిందీ ఈ మాత్రేగా? ఆరు నెలలు మింగాడు, రిపోర్టు చూసి డాక్టరు భుజం తట్టాడు. ఆయన లివరు లివరూ, నా తమ్ముడి లివరు చెప్పుల అడుగూనా?"

డ్రైవరు నవ్వాడు. పూత మీద సన్నటి గీత పడింది.

"నవ్వకండి!"

"అక్క మాటల్లో న్యాయం ఉందే."

పార్లరమ్మ దూదితో ఆ గీత సర్దింది. ఎలా చెబితే ఆ అక్కాతమ్ముళ్లకు ఎక్కుతుందో ఆమెకు అంతుపట్టలేదు. బట్టలకొట్లో పనిచేసే వదిన మొగుడు జీవితంలో సీసా మూత వాసన చూసినవాడు కాదు. తీపి చూస్తే మాత్రం ఆగలేడు. కొట్లో కూర్చుని కూర్చుని ఒళ్లు పెంచాడు, కాలేయానికి కొవ్వు పట్టింది. డాక్టరు ఆ మాత్రలిచ్చాడు, సాయంత్రాలు నడవమన్నాడు, తీపి మానమన్నాడు. నడిచాడు, మానాడు, తగ్గింది. ఇంట్లో అందరికీ మాత్ర ఒక్కటే గుర్తుంది. నడక సంగతి అరిగిపోయిన ఆయన చెప్పులకే గుర్తుండాలి.

డాక్టరమ్మ ఆ మాటే చెప్పింది. "ఆ మాత్ర, తాగుడు అలవాటు లేకుండా కొవ్వు పట్టినవాళ్లలో కొందరికి మేమే ఇస్తాం. తాగుడుతో పాడైన లివరుకి కూడా ఇచ్చి చూశారమ్మా. ప్రాణం నిలిచినట్టు కనబడలేదు. మీ ఆయనకి అసలే రక్తం గడ్డకట్టడం తగ్గిపోయింది. గుప్పెళ్లకొద్దీ మింగిస్తే చిగుళ్లలోంచి, కడుపులోంచి రక్తం పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆయన తాగడం మానాలి. అదీ ఇంట్లో గదిలో పెట్టి గొళ్లెం వేసి కాదు, వణుకొస్తుంది, మూర్ఛలొస్తాయి. సోమవారం తీసుకురండి. మా కళ్లముందు మానిపిస్తాం."

ఆ మాటలు విని బయటికి వచ్చినప్పుడు మెట్లమీద కూర్చున్న డ్రైవరు అడిగాడు: "ఏమందీ?"

"సోమవారం రమ్మంది."

"మాత్రల గురించి?"

"వద్దంది."

"ఆవిడకేం తెలుసు. ఒక్క మాత్రకి రెండు గ్లాసులు మాఫీ. నాకు లెక్క కుదిరింది."

నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ లెక్కతోనే బతుకుతున్నాడు. డబ్బా రాకముందు సీసా పట్టుకుంటే చెయ్యి కొంచెం వెనకాడేది. ఇప్పుడు ముందు మాత్ర గుటుక్కుమనిపించి, గొడుగు వేసుకుని వానలోకి వెళ్లినవాడిలా ధీమాగా వెళుతున్నాడు.

ఆ డబ్బా మొదట వచ్చినప్పుడు పార్లరమ్మ కూడా నమ్మింది. ఎందుకు నమ్మదు? అవే గొట్టాలను గుండుసూదితో గుచ్చి, ఆ జిడ్డు పిండి, ఎండిపోయిన ముఖాలకు రాయడం ఆమెకు వచ్చిన విద్యే. రాసిన మర్నాడు ముఖం నిగనిగలాడుతుంది. పైన అంత మెరుగు తెచ్చేది లోపల ఎంత తెస్తుందో అనుకుంది. ముఖాలు చదివి బతికేదానికి ముఖం వెనకాల ఏముందో అడగాలని తోచలేదు.

"మింగు" అంది వదిన.

డ్రైవరు మింగాడు. మంచినీళ్ల గ్లాసు అంచు మీద ఎర్రటి మరక మిగిలింది.

ఇద్దరు ఆడవాళ్లూ దాన్ని చూశారు. వదిన గ్లాసు తీసుకుని కొంగుతో తుడిచి, బోర్లించి పెట్టింది.

ముందు గదిలోంచి గంట మోగింది. బేరం వచ్చింది.

*

ఆ ఇంటికి ముందు గది పార్లరు, వెనక గది సంసారం. మధ్యలో పూలపూల పరదా ఒక్కటే గోడ. పరదాకి ఇవతల అద్దాలు, సువాసనలు, నవ్వులు. అవతల ఏముందో బేరానికి వచ్చినవాళ్లకు తెలియకుండా ఆమె ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

వచ్చింది టీచరమ్మ. కనుబొమ్మలు దిద్దించుకోవడానికి.

"తొందరగా కానివ్వు తల్లీ, పెళ్లికి వెళ్లాలి. నా కనుబొమ్మలు చూసి మా ఆయన చెట్లు పెంచుతున్నావా అంటున్నాడు."

పార్లరమ్మ దారం తెంపి, ఒక కొస పళ్లమధ్య బిగించి, టీచరమ్మ మీదికి వంగింది. దారం టకటకలాడింది.

"మీ ఆయన మళ్లీ బస్సెక్కుతున్నాడటగా! బడంతా చెప్పుకుంటున్నారు."

"ఊఁ."

"నాకెంత నిశ్చింతగా ఉందో. ఈ రెండు నెలలూ వచ్చినవాడు బస్సు నడుపుతున్నాడా విమానం నడుపుతున్నాడా! మలుపులో మా పాప సీటులోంచి కిందపడింది. మీ ఆయన ఉన్నప్పుడు పిల్లలు లెక్కకి తగ్గితే బండి కదిలేది కాదు. పాప ఆయన వెనక సీటే. 'డ్రైవరు మామయ్య వస్తున్నాడు' అని ఒకటే గంతులు."

పార్లరమ్మ నోట్లో దారం ఉంది. దారం నోట్లో ఉన్నంతసేపూ జవాబు చెప్పనక్కర్లేదు. ఈ పనిలో ఆమెకు నచ్చేది అదొక్కటే.

"ఒంట్లో బాగానే ఉందిగా ఇప్పుడు?"

దారం టకటక.

"పచ్చకామెర్లన్నారు ఎవరో. తగ్గిపోయాయా?"

దారం తెగింది.

"అబ్బా!" అంది టీచరమ్మ.

"తప్పయిపోయింది టీచరమ్మా. చెయ్యి జారింది."

ఇన్నేళ్లలో ఆమె చెయ్యి జారడం టీచరమ్మ చూడలేదు. అద్దంలోంచి ఆమె ముఖంకేసి చూసింది.

వీధిలో మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది. పక్కసందు తలుపు దగ్గర వదిన గొంతు పాకం పట్టినట్టు తియ్యగా వినిపించింది: "రండి బాబూ, రండి. మీకోసమే చూస్తున్నాడు తమ్ముడు."

"ఒక్క క్షణం టీచరమ్మా" అని పార్లరమ్మ లేచింది.

"ఒక కనుబొమ్మే అయింది!"

"వచ్చేస్తాను."

*

యజమాని కుర్చీలో సగమే కూర్చున్నాడు. చేతిలో తాళాల గుత్తి. చెడ్డవాడు కాదు. అక్కరలో ఉన్నాడు. అక్కరలో ఉన్నవాడు తనకు కావలసిందే చూస్తాడు.

"ఏమయ్యోయ్! ముఖంలో కళ వచ్చిందే! నేను ఇంకెలా ఉంటావో అనుకున్నాను."

"మీ దయ సార్" అన్నాడు డ్రైవరు. నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. చొక్కా వదులుది వేసి పొట్ట కనపడకుండా ముందుకి వంగి కూర్చున్నాడు.

"ఆ అద్దాలేమిటి ఇంట్లో?"

"కళ్లకలక సార్. మీకు అంటుకుంటుందని."

"అమ్మో, దూరంగానే ఉండు. సోమవారానికి తగ్గుతుందా?"

"ఆదివారానికే తగ్గుతుంది బాబూ" అంది వదిన. "మంచి మాత్రలు వాడుతున్నాం. ఖరీదైనవి. మా ఇంటాయనకి కూడా వాటితోనే నయమైంది."

"ఏం మాత్రలు?"

"లివరుకి, చర్మానికి, అన్నిటికీ పనిచేస్తాయి."

"మరి ఆ అలవాటు?"

వదిన డబ్బా మూత బిగించింది.

"మానేశాను సార్."

పార్లరమ్మ పరదా దగ్గరే నిలబడింది. మొగుడి నోట్లోని వక్కపొడి వాసన కిందనుంచి పొద్దుటి సారా వాసన సన్నగా తాకుతోంది. తను రంగులతో ఎలా కప్పిందో ఆయన వాసనతో అలా కప్పాడు. ఇద్దరిదీ ఒకటే వృత్తి అయిపోయింది అనుకుంది. నవ్వు రాలేదు.

యజమాని తాళం గుత్తి బల్లమీద పెట్టాడు. డ్రైవరు చెయ్యి చాపలేదు. చాపితే వణుకు కనబడుతుంది. రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని కూర్చున్నాడు, తప్పుచేసిన పిల్లాడిలా.

"ముప్పైమంది పిల్లలయ్యా. అందుకే నా కళ్లతో చూద్దామని వచ్చాను." యజమాని తల తిప్పాడు. "అమ్మా, ఈయన మానేశానంటాడు, ఈవిడ నయమైందంటుంది. కట్టుకున్నదానివి నువ్వు. నువ్వొక్క మాట చెప్పు. సరేనంటే తాళం ఇచ్చి వెళతాను."

వదిన మరదలివంక చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు. అడుక్కుంటోంది. అదే కష్టంగా ఉంది. తమ్ముడు తాళం పట్టుకుంటే మనిషవుతాడని, యూనిఫారం వేసుకుంటే సీసా వదులుతాడని ఆ పిచ్చితల్లి నమ్మకం. ఇందాకటిదాకా పార్లరమ్మ నమ్మకమూ అదే. నమ్మకపోతే ఊదారంగు డబ్బా మూత తీసేది కాదు.

పరదా అవతల కుర్చీ కిర్రుమంది. అక్కడ ఒక కనుబొమ్మతో కూర్చున్న మనిషి వింటోంది. ఆమె కూతురు ఆ వెనక సీటులో కూర్చుంటుంది.

"చెప్పమ్మా."

డ్రైవరు నల్లద్దాల్లోంచి భార్యకేసి చూశాడు. కళ్లు కనబడలేదు.

పార్లరమ్మ అలమర దగ్గరికి వెళ్లింది. దూది తీసింది. పూత తుడిచే తెల్లటి మందు సీసా తీసి దూది తడిపింది. వచ్చి మొగుడి గడ్డం కింద ఒక చెయ్యి వేసి, ముఖం పైకెత్తింది. రోజూ ఎంతోమందికి ఎత్తినట్టే.

"ఏం చేస్తున్నావే?" అంది వదిన.

నుదుటినుంచి దవడదాకా ఒక్క తుడుపు. దూదిమీద పౌడరు, ఒంటిరంగు, దానికింద ఊదా. ఇంకో తుడుపు. కిందనుంచి ముదిరి రాలబోయే ఆకు రంగు తేలింది. ఆమె అద్దాలు కూడా తీసేసింది. కళ్లలో తెలుపు ఉండాల్సిన చోటంతా పసుపు.

డ్రైవరు ఆపలేదు. ఆమె మణికట్టు పట్టుకోవడానికి కూడా చెయ్యి బయటికి తీయలేదు.

యజమాని లేచి నిలబడ్డాడు. "ఇదేమిటమ్మా?"

"నా చేతిపని సార్."

"పూసింది నువ్వా?"

"నేనే."

"మరి తుడిచిందీ..."

"నేనే."

ఆయన చాలాసేపు ఆ ముఖాన్ని చూశాడు. ఒక సగం నిగనిగలాడుతోంది. ఒక సగం చస్తోంది. తాళం గుత్తి చప్పుడు కాకుండా జేబులో వేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"ముందు ఒళ్లు చూసుకో అయ్యా" అని మాత్రం అన్నాడు. మోటారుసైకిలు చప్పుడు సందు దాటిపోయింది.

*

"నీ చేతులు విరగ!" అంది వదిన. "నోటి దగ్గరికి వచ్చిన కూడు కాలితో తన్నావు కదే! పచ్చగా బతకాల్సినవాణ్ని పరాయివాడి ముందు నవ్వులపాలు చేశావు కదే!"

"పచ్చగానే ఉన్నారు వదినా, చూడండి."

"నోరు ముయ్యి! తాళం చేతికి వస్తే వాడే మానేవాడు."

"రెండు నెలల కిందట తాళం ఎవరి చేతిలో ఉంది? ఆయన చేతిలో లేదూ? పిల్లల్ని దింపి వచ్చాక పడ్డారు కాబట్టి సరిపోయింది. పిల్లలు ఎక్కాక పడి ఉంటే?"

"పడలేదు కదా!"

"మీరు ఆ గ్లాసు ఎందుకు తుడిచారు వదినా?"

వదిన బోర్లించిన గ్లాసుకేసి చూసింది.

"నేనూ చూశాను. మీరూ చూశారు. మీరు కొంగుతో తుడిచారు, నేను క్రీముతో పూశాను. మనిద్దరం కలిసి ఈ మనిషిని శుభ్రంగా సాగనంపుతున్నాం."

వదిన డబ్బాను గుండెకు అదుముకుని పీటమీద కూలబడింది. ఏడవలేదు. తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "మరి ఇంకేం పెట్టను వాడికి? ఏం పెట్టినా కక్కుతున్నాడు. ఇదొక్కటే నా చేత్తో పెడితే మింగుతున్నాడు."



డ్రైవరు అద్దంలో చూసుకుంటున్నాడు. అటు తిరిగి ఒక సగం చూశాడు. ఇటు తిరిగి ఒక సగం చూశాడు.

"రెండోది తుడవలేదేం?" అన్నాడు.

"తుడుస్తాను. కూర్చోండి."

"ఉండనీ."

లేచాడు. కుర్చీ వెనక పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అక్క ఒడిలోంచి డబ్బా తీశాడు. ఆమె ఇవ్వనంటూ ఒకసారి గట్టిగా పట్టుకుంది, తరవాత వదిలేసింది. అతను దాన్ని చెవి దగ్గర ఆడించి చూసి, మళ్లీ ఆమె ఒడిలోనే పెట్టాడు.

"బావకి పంపించక్కా. ఆయనకి పనికొస్తాయి."

"అంటే... నువ్వు వేసుకోవా?"



"సోమవారం ఆసుపత్రికి వెళదామండీ" అంది పార్లరమ్మ. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మంచం ఖాళీ అవుతుందన్నారు. నేను పార్లరు మూసేసి మీ పక్కనే ఉంటాను."

"మంచం ఖాళీగా ఉండదులే. ఎవడో ఒకడు పడుకుంటాడు."

"ఎవరో కాదు, మీరు."

"నీ చేత్తో పూయించుకున్నాను. నీ చేత్తోనే తుడిపించుకున్నాను. ఇంకేం కావాలే నీకు?" కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే ఆమె పట్టుకోగలిగేది.

చెప్పులు వేసుకున్నాడు. పక్కసందు తలుపువైపు వెళ్లలేదు. పరదా తొలగించుకుని, పార్లరు గదిలోంచే నడిచాడు. అద్దాలన్నిటిలోనూ సగం పసుపు, సగం పూత ముఖం ఒకదాని తరవాత ఒకటి కదిలింది. టీచరమ్మ కుర్చీలోంచి లేచి దారి ఇచ్చింది. అతను ఆమెను చూసి ఆగాడు.

"పాపని సీటులో లోపలివైపు కూర్చోమనండి" అన్నాడు. "కొత్తవాడు మలుపులు గట్టిగా కొడతాడు."

వీధిలోకి దిగిపోయాడు.

పార్లరమ్మ గుమ్మం దగ్గర నిలబడింది, చేతిలో దూది. వీధి చివర ఆసుపత్రికి వెళ్లే బస్సులు ఆగే చోటు. దానికి రెండు అడుగుల ఇవతల సారా దుకాణం. ఎటు వెళ్లినా దారి అదే.

"నిలబడ్డావేం?" అంది టీచరమ్మ వెనకనుంచి. ఒక కనుబొమ్మ విల్లులా ఉంది, ఒకటి పొదలా ఉంది. "నా కనుబొమ్మకేం, ఇవాళ కాకపోతే రేపు. వెళ్లు. షాపు నేను చూసుకుంటాను."

ఆమె వీధిలోకి పరుగెత్తింది. ఎదురుగా వస్తున్నవాళ్లు డ్రైవరు ముఖం చూసి పక్కకు తప్పుకుంటున్నారు. ఒకడు వెనక్కి తిరిగి మళ్లీ చూశాడు. అతను ఎవరినీ చూడటం లేదు. సారా దుకాణం దగ్గరికి వచ్చేస్తున్నాడు.

పెళ్లయినప్పటినుంచీ ఆమెకు మొగుణ్ని పిలవడానికి తెలిసింది ఒకే మాట.

"ఏమండీ!"

వీధిలో ముగ్గురు మగవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

తిరగాల్సినవాడు తిరగలేదు.

— వీధిలో అందరూ మిషనమ్మ అంటారు. అరవై ఏడేళ్లు. ఇప్పుడు పెద్దకూతురి ఇంట్లో, మేడమీది గదిలో, కుట్టుమిషను పక్కన ఉంటున్నాను.